రేవులోనే లెక్క రాయండి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం మీద ఉండే శ్రద్ధ మిగతా పది నెలలూ కావాలి. 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రాన్ని తెప్పలకు, నాటుపడవలకు వదిలారు. మరబోటు అక్కడ ట్రాల్ వల లాగితే ఆ చిన్న పడవలవాళ్ల వలలు తెగుతాయి, ఎదగాల్సిన పిల్లచేప మేత మిల్లుల పాలవుతుంది. ఆ పిల్లచేప లెక్కకెక్కకపోతే సముద్రంలో చేప ఎంత మిగిలిందో ఎలా చెబుతారు?

సముద్రమంతా కాపలా కాయలేమంటారు. నిజమే. కానీ బోటు ఎక్కడ తిరిగినా సరుకు దిగేది రేవులోనే కదా! విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో వేలంపాటకు ముందే వలకన్ను కొలిచి, బోటువారీగా తూకం రాయించండి. డీజిల్ రాయితీని ఆ రికార్డుకు ముడిపెట్టండి. తప్పు తేలితే జరిమానా కళాసీల మీద కాదు, ఓనరు మీద పడాలి. ఆ వివరాలు నెలనెలా రేవులోనే అతికించండి.

ఇట్లు,
ఒక తీరవాసి