గట్టుమీది గాలి యెవరి సొత్తు?

ఇంటిలో నొకరికి జ్వరము వచ్చినచో ఇంటిల్లిపాదియు వైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. అదే మనస్సునకు జబ్బు వచ్చినచో తలుపులు మూయుదురు. దిష్టి తగిలినదని యొకరు, పనిలేక వచ్చిన ఆలోచనలని యొకరు, పెండ్లి చేసిన కుదురుకొనునని మరియొకరు తీర్పు చెప్పుదురు. ఇవి పాత మాటలు. చదువుకొన్నవారు వీనిని విని నవ్వుదురు. కాని వారి యిండ్లలోనే యిప్పుడొక క్రొత్త మాట వాడుకలోనికి వచ్చినది: “కొంతకాలము చెట్టుచేమల నడుమ గడుపుము, మనస్సు కుదుటపడును.” ఈ మాటతో నాకు పేచీ లేదు. దీనిని చెప్పువారే దీనికి అడ్డుగా నిలుచుచున్నారనియే నా అభియోగము.

ముందుగా, మాటలో నిజమెంత? 1984లో రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో నొక ఆసుపత్రి లెక్కలను పరిశీలించెను. పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగులలో సగముమంది కిటికీనుండి చెట్లు కనబడెడివి. తక్కిన సగమునకు ఇటుకగోడ కనబడెడిది. చెట్లను చూచినవారు త్వరగా ఇంటికి పోయిరి. తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా పుచ్చుకొనిరి. 2019లో ఇంగ్లండునందు సుమారు 20,000 మందిని విచారించి వ్రాసిన మరియొక పరిశోధనలో, వారమునకు 120 నిమిషములైనను పచ్చని చోట్ల గడపినవారు తమ ఆరోగ్యము బాగున్నదని ఎక్కువగా చెప్పినట్లు తేలినది. ఆ రెండు గంటలు ఒక్కమారు గడపినను, కొంచెము కొంచెముగా గడపినను భేదము కనబడలేదు. అయితే ఆరోగ్యము బాగున్నవారే బయట ఎక్కువగా తిరుగుదురేమో అను శంకను ఈ రెండవ పరిశోధన పూర్తిగా తీర్చలేదు. ఆ మాట దాచుట న్యాయము కాదు.

మన కవులకును ఈ సంగతి తెలియనిది కాదు. అయినను వారు మనకంటె జాగ్రత్తగా మాటాడిరి. వాల్మీకి రాముడు పంపాసరోవర తీరమున వసంతశోభను చూచి ఊరట పొందలేదు. ఆతని దుఃఖము ఇబ్బడి యయ్యెను. కాళిదాసు యక్షునకు రామగిరి చెట్లనీడ కొరత కాలేదు. అతనికి కొరతపడినది మనిషి తోడు. కాబట్టి చెట్టు వైద్యునకు బదులు కాదు, బంధువునకు బదులు కాదు. చెట్టుక్రింద కూర్చుండుము, అంతయు పోవును అని రోగితో చెప్పుట, తాయెత్తు కట్టుము అనుటకంటె ఏమంత మేలు? తీవ్రమైన బాధలో నున్నవానికి వైద్యుడు కావలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము అది హక్కని చెప్పుచున్నది. 2022లో ఆరంభమైన ప్రభుత్వ టెలీమానస్ సేవను 14416 సంఖ్యకు పిలిచి ఎవరైనను అందుకొనవచ్చును. ఇంత చెప్పిన పిదపనే గాలిని గూర్చి, వెలుతురును గూర్చి మాటాడుటకు మనకు అధికారము వచ్చును.

ఇక నా అభియోగము. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు ఈ డెల్టాను పచ్చగా చేసినవి. చల్లపల్లినుండి ఏ దిక్కునకు నడచినను కొంతసేపటికే వరిచేను, కాలువగట్టు, తాడిచెట్లు, వానిపై కొంగలు కనబడును. ప్రకృతికై మనము కొడైకెనాలు పోనక్కరలేదు. అయినను సాయంకాలము ఆ గట్టుమీద నడచువారెవరు? నావంటి నడివయస్సు మగవారు, ఉద్యోగము విరమించిన పెద్దలు. ఎవరి మనస్సు ఎక్కువగా నలుగుచున్నదో, ఆ విద్యార్థియు ఆ కోడలును అక్కడ లేరు. వారిని అక్కడికి రానీయనివారము మనమే.

విద్యార్థి మాట ముందు చెప్పెదను. నాయొద్ద పదవ తరగతి చదివిన యొక బాలుడు మంచి మార్కులు తెచ్చుకొని పట్టణములో నొక వసతి కళాశాలలో చేరెను. తెల్లవారకముందే లేపుదురు, రాత్రి పదింటి వరకు చదివింతురు, ఆటస్థలము లేదు, ఆదివారము పరీక్ష. ఎనిమిది నెలలకు నిద్ర పోయినది, ఆకలి పోయినది. ఇంటికి తీసికొనివచ్చిన తండ్రి నాతో, “మాష్టారూ, వీడికి భయం చెప్పండి, మళ్లీ పంపించేస్తాను” అనెను. నేను భయము చెప్పలేదు. వైద్యునకు చూపింపుమంటిని. వైద్యుడు మందిచ్చి, దినమును కొంతసేపు బయట నడువుమనెను. నడకకు నేను తోడు పోయితిని. మొదటి పది దినములు వాడు నోరు విప్పలేదు. ఒకనాడు తూములో నిలిచిన లకుముకి పిట్టను చూచి, “మాష్టారూ, ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదండీ” అనెను. వాడిని నయముచేసినది మందా, నడకా, ఇల్లా అని నేను తేల్చి చెప్పజాలను. కాని పదునేడేండ్ల పిల్లవానికి ఆకాశము మరపునకు వచ్చునట్లు చేయుటకు మనము రుసుము కట్టుచున్నామని మాత్రము తేల్చి చెప్పగలను.

“పోటీ అట్లున్నది, ఏమి చేయుదుము?” అందురు. పోటీ కొరకు పిల్లవానికి అన్నము మానిపించుచున్నామా? మానిపించము, బలము తగ్గునని భయపడుదుము. మనస్సునకును ఆహారము కలదని ఒప్పుకొన్నవారు ఆ భయము ఇక్కడ ఏల పడరు?

కోడలి మాట ఇంతకంటె కష్టము. ఆమె ఆరోగ్యము కొరకు వంటగదిలో గాలిమర బిగింతుము. దొడ్డిలో తులసికోట కట్టింతుము. కాని ఆమె పని లేకుండ, కడవ లేకుండ, ఎవరి వెంటనో కాక, ఊరక గట్టుమీద నడచి వత్తుననినచో అత్తగారు, “ఎందుకమ్మా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” అనును. గుడికి పోవచ్చును, అంగడికి పోవచ్చును, పేరంటమునకు పోవచ్చును, ఊరక పోరాదు. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పిన దినములలో, ఆడుదానికి చదువెందుకు అని అడిగిరి. ఆ ప్రశ్నకు నేడు మనము సిగ్గుపడుదుము. ఆడుదానికి నడకెందుకు అను ప్రశ్నకు మాత్రము ఇంకను సిగ్గుపడము. ఇవి రెండును ఒక్క తల్లి బిడ్డలు. కారణము చెప్పకుండ గడప దాటు స్వేచ్ఛ లేనిచోట ప్రకృతి చికిత్సను గూర్చిన ఉపన్యాసము వెక్కిరింత యగును.

ఇక్కడ నొక మిత్రుడు చేసిన ఆక్షేపము గట్టిది. “పొలములో కూలి దినమంతయు పచ్చదనములోనే యున్నాడు గదా! కౌలురైతు కంటె చేనిని చూచువాడెవడు? వారికి మనోవ్యాధి లేదా?” అని ఆతడడిగెను. ఉన్నది. అప్పుతో చేనికి పోవువానికి ప్రతి మబ్బును లెక్కయే, ప్రతి పురుగును నష్టమే. నడుము వంచి నాట్లువేయు స్త్రీకి ఆకాశము చూచుటకు తీరిక లేదు. కాబట్టి మేలు చేయునది పచ్చదనము ఒక్కటియే కాదు. పచ్చదనమునందు తనదియైన గడియ. ఈ ఆక్షేపము నా వాదమును పడగొట్టదు. దానిని ఇంకను విస్తరింపజేయుచున్నది. కౌలుదారునకు అప్పు భారము తగ్గించుట, కూలికి వారమున నొక దినము విశ్రాంతి నిచ్చుట, ఇవియు మానసిక ఆరోగ్యపు పనులే. వీనిని వదలి నడకను మాత్రమే బోధించువాడు తన తరగతివారికే వైద్యము వ్రాయుచున్నాడు.

“గట్టుమీద నడచుటకు చోటేది? అంతయు చెత్త, దుర్గంధము, ముండ్లు” అని మరికొందరు. దీనికి జవాబు పుస్తకములలో వెదకనక్కరలేదు. చల్లపల్లి వీథులలోనే కలదు. డాక్టరు డి.ఆర్.కె. ప్రసాదుగారు, డాక్టరు పద్మావతిగారు అను వైద్య దంపతుల పూనికతో 2014 నవంబరులో ‘స్వచ్ఛ చల్లపల్లి’ అను పని ఆరంభమైనది. సూర్యుడు రాకముందే కార్యకర్తలు చీపుళ్లు, పారలు, గంపలు పట్టుకొని వీథిలోనికి వత్తురు. స్త్రీలు కలరు, వృద్ధులు కలరు, ఉద్యోగులు కలరు. ముక్కు మూసికొని నడచిన రోడ్ల ప్రక్కల నేడు పూలమొక్కలు, నీడచెట్లు ఉన్నవి. శ్మశానమును సైతము వారు శుభ్రపరచి చెట్లు పెంచిరి. ఈ పని పదేండ్లు దాటినది. ఇందు నన్ను ఆకర్షించినది ఊరి అందము మాత్రమే కాదు. వేకువ గాలిలో, పదిమంది నడుమ, చేతితో నేలను తాకి చేయు పని, చేసిన పని కంటికి కనబడుట, దినమును “ఈ దినము రాలేదేమి?” అని అడుగు మనిషి యుండుట. ఒంటరితనముతో క్రుంగినవానికి వైద్యులు చెప్పు హితవులలో సగము ఇందే యిమిడి యున్నది. ప్రకృతిలో గడపుట యనగా దానిని చూచివచ్చుట మాత్రమే కాదు. దాని ఋణము కొంత తీర్చుట కూడ.

అయితే చీపురు పట్టువారు కొందరు, చెత్త వేయువారు అందరు అను ధర్మము ఎంతకాలము నిలుచును? ఇంటిముందరి వేపను ఆకులు రాలునని కొట్టించి, ముంగిలి యంతయు సిమెంటు పోయించి, మురుగుగొట్టమును కాలువలోనికి వదలి, పిదప మనశ్శాంతికై కొండలకు పోవు గృహస్థుడు తన మందును తానే పారబోసికొనుచున్నాడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము పుస్తకములో నున్నది. కాని చెట్టుమీద గొడ్డలి పడునప్పుడు ఇరుగుపొరుగు నోరు విప్పనిచో చట్టము ఏమి చేయగలదు?

నేను అడుగునది పెద్ద సంస్కారము కాదు. వారమునకు రెండు గంటలు పిల్లవాని చేతిలో పుస్తకము లేకుండ బయటకు పంపుడు. అట్లు పంపని కళాశాలకు పిల్లవానిని ఇయ్యకుడు. ఇంటి స్త్రీ బయలుదేరునప్పుడు, ఎక్కడికి అని అడుగకుడు; ఆమె వచ్చువరకు పొయ్యి మీరు చూచుకొనుడు. ఆమె ఒంటరిగా పోవుటకు గట్టు భద్రముగా లేనిచో, ఆమెను ఇంట ఉంచకుడు, గట్టును బాగుచేయుడు. మొలచిన చెట్టును నిలువనిండు.

నేడు ఈ పుటలు చదివి, నిజమే అని తల యూచి, లోపల గదిలో మూడు నెలలుగా మాటాడక కూర్చున్న మనిషిని పలుకరింపక నిద్రపోయినచో, ఈ వ్యాసము వ్రాసిన నేనును చదివిన మీరును సమానముగా దోషులము. రేపు సాయంకాలము ఆ తలుపు తట్టి, “రా, కలిసి కాలువదాకా పోయివత్తము” అనుడు.