డిలీట్ చేసి మళ్ళీ దించుకోమనే వాళ్ళకి ఒక దండం

"గేములకి వేరే హార్డు డిస్కు ఎందుకు దండగ? ఆడేసింది డిలీట్ చెయ్, కావాలంటే మళ్ళీ దించుకో." ఈ సలహా ఇచ్చే సాఫ్టువేరు మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. అందరూ గచ్చిబౌలిలోనో, బే ఏరియాలోనో ఉంటారు. వాళ్ళకి నెట్టు కుళాయి నీళ్ళలాంటిది, తిప్పితే వస్తుంది. ఒక్కసారి మా మానవపాడు వచ్చి ఇదే మాట చెప్పండి బాబూ!

లెక్క వేద్దాం, మనం ఇంజనీర్లమే కదా. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీఎస్4 మీద ఇంచుమించు వంద జీబీ. రెండు బ్లూరే డిస్కుల్లో వచ్చింది. సెల్లులో రోజుకి 2 జీబీ ప్యాకు వేయించుకునే ఇంట్లో అంత గేము దించాలంటే యాభై రోజులు. అదీ ఇంకెవరూ యూట్యూబు ముట్టకపోతే :) పోనీ 10 ఎంబీపీఎస్ లైను ఉందనుకుందాం. ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే 22 గంటలు. అదే గేము పక్కన యూఎస్‌బీ హార్డు డిస్కులో ఉంటే? సెకనుకి 100 ఎంబీ చొప్పున వేసుకున్నా కాపీ అవ్వడానికి పదిహేడు నిమిషాలు.

యాభై రోజులెక్కడ, పదిహేడు నిమిషాలెక్కడ! ఇంక దండగ ఏది?

మా వైపు వాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. రాజోలిబండ కాలువ (ఆర్డీఎస్ అంటాం) కింద కాగితం మీద మాకు 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. చివరి పొలాలకి నీళ్ళు సరిగ్గా అందవు కాబట్టే 2018లో తుమ్మిళ్ళ దగ్గర ఎత్తిపోతల పెట్టాల్సి వచ్చింది. కాలువ తల దగ్గర ఉన్నవాడికి నిలవ అక్కర్లేదు, చివర ఉన్నవాడికి నిలవే బతుకు. నెట్టూ అంతే. బ్యాండ్‌విడ్త్ లేని చోట దాని పని స్టోరేజీ చెయ్యాలి.

సరే, అసలు విషయానికొద్దాం. నా కోపం మిత్రుల మీద కంటే కన్సోళ్ళు చేసే కంపెనీల మీద. గాదె నిండితే పక్కన ఇంకో గాదె కట్టుకుంటాం. దానికి గాదె అల్లినవాడి పర్మిషన్ అడుగుతామా? వీళ్ళు మాత్రం అడగమంటారు.

చరిత్ర చూడండి. 2006లో వచ్చిన పీఎస్3లో మామూలు ల్యాప్‌టాప్ హార్డు డిస్కు కొని, స్క్రూడ్రైవరుతో మనమే మార్చుకోవచ్చు. అదే కాలంలో ఎక్స్‌బాక్స్ 360కి మైక్రోసాఫ్టు తన డబ్బాలో పెట్టిన డిస్కే వాడాలి. లోపల ఉన్నది మామూలు ల్యాప్‌టాప్ డిస్కే! 2007లో 120 జీబీకి దాదాపు 180 డాలర్లు. 2009లో బయటి కంపెనీల మెమరీ యూనిట్లు పనిచెయ్యకుండా అప్‌డేట్ పంపారు. 2010లో గానీ యూఎస్‌బీ డ్రైవు ఒప్పుకోలేదు, అదీ 16 జీబీ వరకే. ఇందులో టెక్నికల్ అడ్డంకి ఏముందండీ? ఉంటే 2010లో ఎలా మాయమైంది?

సోనీ మాత్రం తక్కువ తిందా? పీఎస్4 వచ్చింది 2013లో. ఎక్స్‌బాక్స్ వన్ 2014లోనే బయటి డిస్కు ఒప్పుకుంటే, పీఎస్4 యజమానులు 2017 మార్చిలో 4.50 అప్‌డేట్ దాకా ఆగాల్సొచ్చింది.

"ఇప్పటి గేములు ఎస్ఎస్‌డీ వేగానికి రాసినవి, హార్డు డిస్కు మీంచి ఆడలేవు" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. పీఎస్5 లోపలి డ్రైవు సెకనుకి 5.5 జీబీ చదువుతుంది, మన యూఎస్‌బీ డిస్కు దాని కాలిగోటికి చాలదు. కానీ నేనడిగేది ఆడనివ్వమని కాదు, దాచుకోనివ్వమని. 825 జీబీ అని అమ్మిన పెట్టెలో వాడుకోవడానికి మిగిలేది 667. అయినా పీఎస్5 గేముని యూఎస్‌బీ డిస్కులో దాచుకునే వీలు, కన్సోలు వచ్చాక నెలలకి, 2021 ఏప్రిల్లో గానీ ఇవ్వలేదు.

ఇంకో ముచ్చట. 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 1 టీబీ కార్డు సీగేట్ ఒక్కటే చేసేది, ధర 220 డాలర్లు. 2023లో వెస్టర్న్ డిజిటల్ కూడా దిగింది, 150కే. ఒక్క కంపెనీ పోటీకి వస్తేనే 70 డాలర్లు తగ్గిందంటే, అంతకు ముందు మనం కట్టింది దేనికో మీరే చెప్పండి.

అన్నిటికన్నా ఒళ్ళు మండేది సేవ్ ఫైళ్ళ సంగతి. పీఎస్5 గేములో మనం నెలల తరబడి ఆడిన ఆట తాలూకు సేవ్ డేటాని మన సొంత యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేసుకోలేం. బ్యాకప్ కావాలంటే ప్లస్ చందా కట్టి వాళ్ళ క్లౌడులో పెట్టాలి. పీఎస్4 సేవ్‌లు యూఎస్‌బీలోకి హాయిగా వెళ్ళేవి. అంటే చేతకాక కాదు, ఇష్టం లేక. చందా ఆపితే? నెట్టు లేకపోతే? మన కష్టం వాళ్ళ తాళంలో.

డిస్కు కొనేవాళ్ళకి రెండు మాటలు: గేములకి వాడాలంటే కన్సోలు డిస్కుని ముందు ఫార్మాట్ చేస్తుంది, కాబట్టి పెళ్ళి ఫోటోలున్న డిస్కు పెట్టి ఇంట్లో తిట్లు తినకండి. పీఎస్4కైతే యూఎస్‌బీ 3.0, 250 జీబీకి తగ్గనిది కావాలి. హబ్బు ద్వారా కాకుండా నేరుగా కన్సోలుకే తగిలించాలి.

చివరగా మనకి మనం వేసుకోవాల్సిన ప్రశ్న. ఈ సాఫ్టువేరు రాసేది ఆకాశం నుంచి ఊడిపడ్డ వాళ్ళు కాదు, మనలాంటి వాళ్ళమే. "యూజర్‌కి నెట్టు ఎప్పుడూ ఉంటుంది" అని డిజైన్ డాక్యుమెంటులో రాసి, రివ్యూలో తలూపేదీ మనమే. ఆ ఒక్క వాక్యం దగ్గర మానవపాడు లాంటి ఊళ్ళన్నీ రాలిపోతాయి. ఈసారి మీటింగులో ఎవరైనా ఆ మాటంటే, "ఏ ఊళ్ళో?" అని అడగండి చాలు.

ఏమంటారు?