సిగ్గు మీద సుంకం

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు. మా సాహెబా తలాబ్ అన్న పేరు అరిగి అరిగి ఇలా మిగిలింది. అక్కడినుండి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు పడితే నక్షత్రాల హోటళ్ళ దారి. లకడీకాపూల్ లాడ్జిలో దిగి, సిటీ బస్సుల్లో తిరుగుతూ, మూడు రోజుల భోజనాల్లో మిగిల్చిన డబ్బుతో ఒక సాయంత్రం ఆ హోటళ్ళలో ఒకదాని బారుకు వెళ్ళాను.

"వైన్స్ పక్కన పర్మిట్ రూములో ఇదే సరుకు పావు ధరకు వచ్చేదిగా!" అని మిత్రుల ఎకసెక్కాలు. సరుకు కోసం వెళ్ళలేదు మహాశయులారా! మెత్తని కుర్చీకీ, తొందరపెట్టని నిశ్శబ్దానికీ ధర ఉంటుందని నాకు తెలుసు. మంచినీళ్ళ సీసాను సైతం హోటళ్ళు ఎమ్మార్పీకి మించి అమ్ముకోవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ధరల పట్టిక చూసే కూర్చున్నాను కనుక ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా బిల్లు అడుగున నక్కిన పది శాతం సర్వీస్ ఛార్జీతో. అది పన్ను కాదు. దాన్ని తమంత తాముగా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా వేసేవాళ్ళున్నారు. ఆ పాలరాతి నేల మీద "ఇది తీసేయండి" అనడానికి మనకు నోరు రాదని వాళ్ళ ధీమా. ధనవంతుడు ఆ అంకెను చూడనే చూడడు. చూసేదీ నాలాంటివాడే, చూసి నోరు మెదపనిదీ నాలాంటివాడే!

ఆ రోజు మాత్రం అడిగాను. గొంతు కాస్త వణికిన మాట నిజం. కుర్రవాడు ఏమీ అనకుండా వేరే బిల్లు తెచ్చాడు. వడ్డన చక్కగా చేశాడు కనుక యాభై రూపాయలు అతని చేతిలోనే పెట్టి, మాసబ్ ట్యాంక్ దాకా నడిచి బస్సెక్కాను.