మాట తగిలిన చోట

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ 2018 జులై 12న పెద్దరికం వదులుకున్నారు. దాదాపు మూడు దశాబ్దాలు ఆ భాషకు సంబంధించి చివరి మాట ఆయనదే. రెండు చుక్కలు, పక్కనే సమాన గుర్తు: ఈ చిన్న సదుపాయాన్ని భాషలో చేర్చాలా వద్దా అని నెలల తరబడి వాదన నడిచింది. ప్రతిపాదన నెగ్గింది. కానీ ఒక నిర్ణయం కోసం ఇంత పోరాడి, చివరికి ఇంతమంది ఏవగింపు మూటగట్టుకునే ఓపిక ఇక లేదంటూ నెగ్గిన మనిషే తప్పుకున్నారు.

రెండు గుర్తుల కోసం ఇంత రగడా అని బయటివారికి అనిపించవచ్చు. కానీ పైథాన్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చాలామందికి జీతం ఉండదు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి నిద్ర మానుకుని రాసిన కోడ్‌ను ఊరికే ఇస్తారు. తిరిగి దక్కేది తోటివారి మన్నన ఒక్కటే. అదీ కరవైతే మనసు విరిగిపోతుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక విద్యార్థి తన తొలి కోడ్ సవరణను (ప్యాచ్) పంపి రోజూ చూసుకుంటుంటాడు. వారం తర్వాత ‘ఇది పనికిరాదు’ అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. ఆ జవాబు పంపిన, ప్రాజెక్టు బాధ్యత చూసే మెయింటైనర్ ఆ పూట అలాంటివి ఎన్నో చూసి అలసిపోయి ఉంటాడు, అందులో కోపమేమీ ఉండదు. ముఖం కనబడదు, గొంతు వినబడదు కాబట్టి ఆ సంగతి కుర్రాడికి తెలియదు. ‘ఆలోచన బాగుంది, ఫలానా ఫంక్షన్ దగ్గర తేడా వస్తోంది, సరిచేసి మళ్లీ పంపండి’ అని రాయడానికి పట్టే సమయం ఎంత?

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పరుష వాక్యాలు ఆ లోకంలో ఏళ్ల తరబడి చెల్లుబాటయ్యాయి. నాణ్యత కోసమే కదా అని సమర్థించినవారూ ఉన్నారు. ఆ వాదనతో మేం ఏకీభవించలేం. తప్పును నిర్మొహమాటంగా చూపించడానికి మనిషిని తిట్టనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 16న ఆయనే ఆ మాట ఒప్పుకున్నారు. లినక్స్ 4.19 కెర్నెల్ పరీక్షా విడుదలను ప్రకటించే మామూలు లేఖలోనే, తన తీరు వల్ల నొచ్చుకున్నవారికి, బహుశా ఆ పనికే దూరమైపోయినవారికి క్షమాపణ చెప్పారు. కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆ విడుదల బాధ్యతను తోటి మెయింటైనర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ మోశారు. అక్టోబరులో లైనస్ తిరిగొచ్చారు. అంత పెద్ద మనిషి అందరి ముందూ తగ్గడం కొత్తగా చేరేవారికి ఎంత ధైర్యం!

మాట మెత్తబడినా అలకలు పూర్తిగా పోవు. 2014 డిసెంబరులో జావాస్క్రిప్ట్ వేదిక నోడ్ జేఎస్ నుంచి కొందరు విడిపోయి, అదే కోడ్‌తో ఐఓ జేఎస్ పెట్టుకున్నారు. అభిప్రాయభేదాలు గట్టివే అయినా రెండు పక్షాలూ మాట్లాడుకోవడం మానలేదు. ఎవరో ఒక్కరి గుప్పిట్లో కాకుండా ఉమ్మడి ఫౌండేషన్ కింద పనిచేద్దామన్న ఒప్పందం కుదిరింది. 2015 సెప్టెంబరులో వచ్చిన నోడ్ 4.0లో రెండు వైపుల పనీ ఒక్కటైంది.