తొట్టి గోడలు, డాల్ఫిన్ ధ్వని, ఉపాధి విచారం

డాల్ఫిన్ అత్యల్పకాలికమైన క్లిక్ ధ్వనులను ముందుకు ప్రసరింపజేసి, మరలివచ్చే ప్రతిధ్వనిచేత వస్తువును గ్రహిస్తుంది. ఆరంభకాలంలో ఈ ధ్వనులను తొట్లలో బంధించిన జంతువులనుండి కొలిచి, వాటి ప్రధాన పౌనఃపున్యం సుమారు 30 నుండి 60 కిలోహెర్ట్జ్ అని నిర్ణయించారు. విట్లో ఔ బృందం 1974లో ప్రకటించిన ఫలితాలు ఆ నిర్ణయాన్ని తలక్రిందులు చేశాయి. హవాయిలోని కనేయోహే అఖాతంలో, 50 మీటర్లకు మించిన దూరాన ఉన్న లోహగోళాన్ని వెదకే డాల్ఫిన్ల ధ్వనిలో పౌనఃపున్యం 120 కిలోహెర్ట్జ్‌కు చేరింది. స్థాయి పూర్వపు కొలతలకంటె దాదాపు 40 డెసిబెళ్లు అధికం, అనగా తీవ్రతలో పదివేల రెట్లు.

గోడలు చేరువగా ఉన్నచోట జంతువు గట్టిగా పలుకవలసిన ప్రయోజనం లేదు; పలికితే ప్రతిధ్వనులు అన్ని వైపులనుండి ముసురుకొంటాయి. యంత్రం అసత్యం చెప్పలేదు. అది చూపినది తొట్టిలోని డాల్ఫిన్‌ను. దానినే జాతిస్వభావంగా గ్రహించడం దోషం. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనే వ్యాప్తికి తడికట్టె ఉపాధి అని నైయాయికులు చెబుతారు. ఇక్కడ ఆ తడికట్టె తొట్టి గోడ.

1985లో ప్రకటితమైన బెలూగా తిమింగలం ఉదాహరణ మరింత స్పష్టం. శాన్‌డియేగోలో 40–60 కిలోహెర్ట్జ్ వద్ద పలికిన జంతువే, సముద్రఘోష అధికమైన కనేయోహేకు తరలించాక 100 కిలోహెర్ట్జ్ దాటి, మరింత తీవ్రంగా పలికింది.

అయితే కనేయోహే డాల్ఫిన్లూ స్వతంత్రమైనవి కావు, శిక్షితమైనవే. క్లిక్ సుమారు 10 డిగ్రీల సన్నని పుంజంగా వెలువడుతుంది. హైడ్రోఫోన్ అక్షం తప్పితే కొలత వికృతమవుతుంది. నియతస్థానంలో నిశ్చలంగా నిలిచే జంతువు లేనిదే ఆనాడు ఆ అక్షం దొరకడం దుర్లభం. బంధనపక్షంలో బలమైన యుక్తి ఇదొక్కటే (వినోదప్రదర్శనల విద్యాప్రయోజనం గురించి చెప్పే మాటలు విచారణార్హం కూడా కావు). ఆ యుక్తికి కూడా ఇప్పుడు పూర్వబలం లేదు. హైడ్రోఫోన్లను వరుసగా దించి, స్వేచ్ఛగా తిరిగే జంతువు ఎంత దూరంనుండి పలికిందో గణించడం నేడు సాధ్యం. భారతప్రభుత్వం డాల్ఫినేరియంలకు అనుమతి నిరాకరించిన 2013లోనే, సుందరవనాల నదీపాయలలో గంగా డాల్ఫిన్‌ను ఇలా కొలిచిన ఫలితాలు వెలువడ్డాయి. అది సముద్రపు డాల్ఫిన్లకంటె ఎంతో మృదువుగా పలుకుతుందని తేలింది. లోతు తక్కువైన వంకర పాయలలో దానికి అంతకుమించి దూరం వినవలసిన పని లేదు.