పాత ఇంటి చెక్క గుత్తగా అమ్మేముందు ఒక్క మాట



ఊళ్ళల్లో పెంకుటిళ్ళు తీసేసి స్లాబు ఇళ్ళు కడుతున్నాం. కట్టుకోవాల్సిందే, కాదనను. కానీ పాత ఇంటి టేకు తలుపులు, వేప దూలాలు వ్యాపారికి గుత్తగా ఇచ్చేసి, వెంటనే టౌనుకెళ్ళి పొట్టు చెక్క కప్‌బోర్డు కొనుక్కొస్తున్నాం. నీళ్ళు తగిలితే ఉబ్బిపోయే సరుకు అది. ఆ పాత చెక్కలో కొంచెం ఆపుకుని ఊరి వడ్రంగితో ఒక జాలీ బీరువా చేయించుకోండి అంటాను నేను.

ఇది మనకొక్కళ్ళకే ఉన్న వస్తువు కాదు. అమెరికాలో 19వ శతాబ్దంలో పెన్సిల్వేనియా, వర్జీనియా, టెన్నెసీ వైపు రైతుల ఇళ్ళల్లో "పై సేఫ్" అని ఉండేది. పై అంటే లోపల పండ్ల పూర్ణం పెట్టి కాల్చే వంటకం. తలుపులకి తగరపు పూత రేకు బిగించి, దానికి నక్షత్రాలు, పువ్వుల ఆకారంలో మేకుతో చిల్లులు కొట్టేవాళ్ళు. గాలి ఆడుతుంది, ఈగ దూరదు, ఎలుక కొరకలేదు. ఐసు పెట్టెలు, ఆ తర్వాత ఫ్రిజ్‌లు వచ్చాక వాటి పని తగ్గింది. ఇప్పుడు అవే పాతకాలపు వస్తువులుగా మంచి ధర పలుకుతున్నాయి. మనవేమో పొయ్యిలోకి పోతున్నాయి.

చేయించడం పెద్ద పనేం కాదు. చట్రానికి బాగా ఆరిన చెక్కే వాడాలి, పచ్చి చెక్కయితే వంకర తిరుగుతుంది. రేకుకి 15 కిలోల నూనె డబ్బా చాలు. ఒక్కో వైపు సుమారు 9 అంగుళాల వెడల్పు రేకు వస్తుంది. చిల్లులకి నమూనా ఎక్కడా వెతకక్కర్లేదు, మన ఆడవాళ్ళు వేసే చుక్కల ముగ్గే నమూనా. కాగితం మీద వేయించి, రేకుకి అంటించి, కింద చెక్క పెట్టి, చుక్క చుక్కకీ సన్న మేకు దించడమే. గరుకు వైపు బయటికి రావాలి, అప్పుడు లోపల తుడుచుకోడానికి నున్నగా ఉంటుంది. చిన్న పండు ఈగలు కూడా రాకూడదంటే లోపల సన్న జాలీ వేయించండి. కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమ ఎక్కదు. ఆ నీళ్ళు వారం లోపే పారబోయాలి, లేకపోతే చీమలు పోయి దోమలొస్తాయి.

మూడు జాగ్రత్తలు మాత్రం మరువొద్దు. పురుగు మందు డబ్బా రేకు ఎంత కడిగినా వాడొద్దు. చెద పడుతుందని ఈ చెక్కకి చెద మందు పూయొద్దు, అందులో పెట్టేది మన పిల్లలు తినే తిండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు సన్న దుమ్ము ఆపే మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి, బయట గీకించండి.

"ఫ్రిజ్ ఉండగా ఇదెందుకు?" అని అడుగుతారు. ఇది ఫ్రిజ్ చేసే పని చెయ్యదు. ఎండాకాలం మిగిలిన అన్నం, కూర ఇందులో పెడితే పాడవుతాయి. పాలు, మాంసం జోలికి అసలు పోవద్దు. కానీ మన ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. అరటిపళ్ళు, నెయ్యి, పచ్చళ్ళు, కారప్పొడులు, జంతికలు. చల్లదనం అక్కర్లేని సరుకే సగం. అరటిపళ్ళయితే ఆ చలికి నల్లబడతాయి కూడా. వీటన్నిటికీ గాలి ఆడే, ఈగ వాలని చోటు ఉంటే చాలు. దానికోసం ఇంకా పెద్ద ఫ్రిజ్ కొని కరెంటు బిల్లు పెంచుకోవడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి. నాగళ్ళు, బండ్లు పోయాక మన వడ్రంగులకి ఊళ్ళో పని లేకుండా పోయింది. చాలామంది పట్నం దారి పట్టారు. మనం తలా ఒక బీరువా చేయిస్తే వాళ్ళ జీవితాలు మారిపోతాయని చెప్పను. కానీ తలుపు ఊడితే పిలవడానికి ఊళ్ళో ఒక మనిషి ఉండాలంటే, మంచి రోజుల్లో కూడా ఆయనకి పని ఇవ్వాలి కదా.

చెక్క బేరం ఆడేముందు ఒక్కసారి ఆలోచించండి. మీ ఇళ్ళల్లో పాత జాలీ బీరువాలు ఉంటే ఫొటోలు పెట్టండి, కొలతలు రాయండి, చేయించుకునేవాళ్ళకి పనికొస్తాయి.