గడ్డినేలను గడ్డినేలగానే ఉండనివ్వండి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో, వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది పెదవి విరుస్తారు. "ఏముందండీ అక్కడ? ముళ్లకంపలు, ఎండుగడ్డి. ఒక ఫౌంటెనో, పిల్లలకు నాలుగు ఊయలలో పెట్టినా బాగుండేది" అంటారు. జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. మా పిల్లల్ని నేను అక్కడికి తీసుకెళ్లేది ఆ కంపలూ ఆ గడ్డీ చూపించడానికే.

నిజాముల కాలంలో అది వేటస్థలం. 1975లో, మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా, ఆయన పేరు పెట్టి జింకలకు వదిలేశారు. వేటాడిన నేలకే అహింస బోధించినవాడి పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరిదోగానీ వారికి చేతులెత్తి మొక్కాలి. ఇప్పుడు 3,600 ఎకరాలకు పైబడిన ఆ వనం చుట్టూ కాలనీలు, ఆటోనగర్, హైవే.

మొన్న చలికాలంలో వెళ్లినప్పుడు ఒక మగ కృష్ణజింక మాకు బాగా దగ్గరగా కనబడింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలి తిరిగిన కొమ్ములు. కంటి కింద ఉండే గ్రంథిని ఒక ఎండుపుల్ల చివరకు ఆనించి మెల్లగా రుద్దింది. నాలుగడుగులు వేసి, అప్పటికే పెంటికలు కుప్పపడి ఉన్నచోట మళ్లీ వేసింది. "ఇంత జాగా ఉంటే అక్కడే ఎందుకు టీచర్?" అని ఒకమ్మాయి అడిగింది. పొలానికి హద్దురాయి పాతినట్టు, ఈ జాగా నాదని మిగతా మగజింకలకు చెప్పడమది. పుస్తకంలో రెండు పేజీలు చదివినా ఆ పిల్లకు అంత బాగా ఎక్కేది కాదు.

కృష్ణజింకకు కళ్లూ కాళ్లే కాపలా. కుక్కనో తోడేలునో దూరం నుంచే చూసి గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగంతో పరుగు తీస్తుంది. చెట్లు దట్టమైతే ఆ చూపు ఆనదు, ఆ పరుగు సాగదు. అదే వనంలో ఉండే చుక్కల దుప్పికి చెట్లనీడ కావాలి. దీనికి బయలు కావాలి. ఖాళీ జాగా కనబడితే మొక్క నాటడం మనకిప్పుడు పుణ్యకార్యం. బడి ఆవరణలో నేనూ నాటిస్తాను. కానీ గడ్డినేలలో నాటిన మొక్కలు పెరిగితే, వాటి నీడ పడేది జింక మేత మీదే. చెట్లుంటేనే అడవి, లేకపోతే బంజరు అన్న లెక్క తెల్లదొరల పాలనలో రెవెన్యూ కాగితాలకెక్కింది. ఆ లెక్క మన బుర్రల్లోంచి ఇంకా పోలేదు.

దాని ఫలితం చూడాలంటే నంద్యాల జిల్లా దాకా వెళ్లాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. గడ్డినేలల్లో బతికే ఆ పిట్ట ఇవాళ అక్కడ కనబడటమే గగనమైంది. చుట్టూ ఉన్న బీళ్లు సాగులోకి పోయాక, గిరి గీసిన ముక్క ఒక్కటే దాన్ని కాపాడలేకపోయింది. హరిణ వనస్థలికి చుట్టూ గోడ ఉంది కాబట్టి పర్వాలేదనుకోకూడదు. ఆ గోడ లోపలి జింకలు పక్క ఊరి బయలుకు పోలేవు, కొత్త మంద వచ్చి కలవలేదు. ఉన్న గడ్డే వాటికి దిక్కు.

అందుకే లాన్లు, రంగుల లైట్లు, సెల్ఫీ పాయింట్లు అడిగేవాళ్ల మాట అటవీ శాఖ వినకూడదని నా విన్నపం. ఆ డబ్బుతో చుట్టుపక్కల కాలనీల కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, తెలుగులో, ఉర్దూలో వివరించే గైడ్లుగా పెట్టండి. జింకలకు బిస్కెట్లు విసిరేవాళ్లకు జరిమానా వేయండి. వచ్చే తొలకరికి గుంతలు తవ్వే ముందు, ఏ రకం గడ్డి ఎక్కడుందో, జింకలు ఎక్కడ మేస్తున్నాయో పటం గీయించి, ఆ చోట్ల ఒక్క మొక్క కూడా నాటబోమని రాసివ్వండి.